నావ మునిగిన బాధ్యు లెవరు?



ధర్మపురి రేవున గోదావరీస్నానము చేసి వచ్చిన మీకు నదీస్వభావమును గూర్చి నేను చెప్పవలసినది లేదు. నావ మునిగి ప్రాణములు పోయినచో మన పల్లెలలో మొట్టమొదట వినవచ్చు మాట “వారి తలవ్రాత” యని. ఈ మాట యెంతవరకు ధర్మమో మన పూర్వులే విచారించియున్నారు.

మనుస్మృతి యష్టమాధ్యాయమున నొక నియమము గలదు. నావికుల యపరాధముచే ప్రయాణికుల సొత్తు చెడినచో, నావికు లందఱును తమ తమ పాళ్ల చొప్పున దాని నిచ్చుకొనవలెను. దైవికముగా చెడినచో దండనము లేదు. కౌటిల్యు డింకను ముందునకు బోయెను. తగిన మనుష్యులును పరికరములును లేక, మరమ్మతు చేయని నావ చెడినచో, ఆ నష్టమును నావధ్యక్షుడే పూరింపవలెనని యర్థశాస్త్రమున విధించెను. కావున దైవికము వేఱు, అపరాధము వేఱు.

అయితే ఈ నియమములు నావ నడుపువారిని, దానిపై నధికారిని మాత్రమే యడుగుచున్నవి. నావ చేసిన వడ్రంగి యూరిలోనే యున్న దినములలో నంతటితో సరిపోయెను. నేడు యంత్రమును చేయువాడు సముద్రముల కావల నుండును. వాని నెవరడుగవలెను?

ఈ ప్రశ్నకు దారి చూపినది యొక సీసా. 1928లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున నొక స్త్రీ, స్నేహితులు కొనియిచ్చిన యల్లపు పానీయమును త్రాగి, సీసాలో కుళ్లిన నత్త యుండెనని వ్యాజ్యము వేసెను. ఆమె స్వయముగా కొనలేదు గనుక అమ్మినవానితో నొడంబడిక లేదు. అయినను వస్తువును తుదకు వాడువారి యెడల దానిని తయారుచేసినవానికి జాగ్రత్త వహింపవలసిన బాధ్యత గలదని 1932లో బ్రిటిషు ప్రభువుల సభ తీర్పు చెప్పెను.

ఆ న్యాయము క్రమముగా నీటిమీది యంత్రములకును వర్తించినది. జెట్ స్కీ యను చిన్న వాహనమును కవాసాకి సంస్థ అమ్మకమునకు దెచ్చెను. అది నీటిని పీల్చి వెనుకకు ధారగా చిమ్ముచు పరుగెత్తును. ఆ ధారను త్రిప్పుటచేతనే మలుపు తిరుగును. ఎదుట నపాయమును చూచి భయముతో వేగపు మీట వదలినచో ధార యాగును, మలుపును పోవును. ఇది నిర్మాణలోపమని యమెరికాలో పలు వ్యాజ్యములు నడచినవి. 1989లో పోర్టోరికో తీరమున, యమహా సంస్థ చేసిన యట్టి వాహనము నిలిచియున్న నావకు తగిలి 12 ఏండ్ల బాలిక మరణించెను. తల్లిదండ్రులు సంస్థపై వ్యాజ్యము తెచ్చిరి. రాష్ట్రచట్టముల ననుసరించియు వారు పరిహారము కోరవచ్చునని 1996లో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించెను.

మన గోదావరికి వత్తము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, వరద ప్రవాహమున, పాపికొండలకు బోవు పడవ మునిగి సుమారు ఏబదిమంది మృతినొందిరి. వారిలో వరంగల్లు సమీపమునందలి కడిపికొండ గ్రామస్థులును గలరు. పడవను వెలికి దీయుటకు అక్టోబరు 22 వరకు పట్టెను. వరద దైవికమే యనుకొందము. వరదలో పడవను వదలుట దైవికమా?

2020 జూలై 20న అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము, నిర్మాణలోపమునకును తగిన హెచ్చరిక లేమికిని తయారీదారుని బాధ్యుని చేయుచున్నది; సేవ నిచ్చువాడును, కొన్ని సందర్భములలో అమ్మినవాడును బాధ్యులే. మృతుని వారసులు సైతము ఫిర్యాదు చేయవచ్చును; గడువు రెండు సంవత్సరములు. అయితే వస్తువును తప్పుగా వాడినను, మార్చినను ఆ హక్కు పోవచ్చును.

కావున పెద్దలారా, మీ యూరిలో ఇట్టి యాపద కలిగినచో తలవ్రాత మాట తరువాత. మొదట టిక్కెట్టును, రసీదును భద్రపరచి, చేసినవా డెవడు, నడిపినవా డెవడు, అనుమతించినవా డెవడు అని యడిగింపుడు. ఇదియే నా విన్నపము.