అంతస్తులు మోసినంతసేపు

ఆ రెండు టవర్లూ కూలిపోతాయని మనకు తెలుసు. తెలిసే ఈ కథలోకి దిగాలి. 2001 సెప్టెంబరు 11 ఉదయం, న్యూయార్కులో, విమానం తాకిన 56 నిమిషాలకు దక్షిణ టవరు, 102 నిమిషాలకు ఉత్తర టవరు నేలమట్టమయ్యాయి. విమానాల్లోని వారితో కలిపి 2,753 మంది పోయారు. మంటల్నీ పొగనీ లోకమంతా చూసింది. ఆ మనుషుల కాళ్ల కింద ఉన్న అంతస్తులను తలచుకున్నవారు తక్కువ.

ఎంత అందమైన ఊహ అది! ఒక్కో అంతస్తు దాదాపు ఎకరం. నడిమి స్తంభాల గుంపు నుంచి బయటి గోడ దాకా, మధ్యలో ఏ ఆసరా లేకుండా, 35 అడుగులూ 60 అడుగులూ సాగిన సన్నని ఉక్కు ట్రస్సులు. వాటిపై 4 అంగుళాల తేలికపాటి కాంక్రీటు. ట్రస్సులో మెలికలు తిరిగిన ఊచలు పైకి పొడుచుకొచ్చి ఆ స్లాబులోకి దిగేవి. ఉక్కూ కాంక్రీటూ విడివిడిగా మోయలేనిది కలిసి మోసేవి. ఎంత బరువు ఆపగలవో ఇంజనీర్లు లెక్కగట్టారు. ఆ లెక్క తప్పలేదు. మూడు దశాబ్దాలు వేలమంది వాటి మీద నడిచారు, కుర్చీలు జరుపుకున్నారు, పుట్టినరోజు కేకులు కోసుకున్నారు.

మంటలో ఎంతసేపు మోయగలవన్నదే ఎవరూ చూడలేదు. పరీక్షిస్తే తప్ప తేల్చలేమని 1966లో ఆర్కిటెక్టులు చెప్పారు. 1975లో స్ట్రక్చరల్ ఇంజనీర్లూ అదే మాట అన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉత్తర టవరు 11వ అంతస్తులో మంటలు కూడా లేచాయి. అయ్యో, నిప్పే వచ్చి హెచ్చరించి వెళ్లింది! అయినా ఆ పరీక్ష జరిగినట్టు తర్వాతి దర్యాప్తుకు ఆధారం దొరకలేదు.

ట్రస్సులకు మొదట నిర్ణయించిన అగ్నిరక్షక పూత అర అంగుళం. దాన్ని అంగుళంన్నర చేయాలని 1999లో తలచారు, అంతస్తులు ఖాళీ అయినప్పుడల్లా. దక్షిణ టవరులో విమానం దూరిన చోట 78వ అంతస్తుకే ఆ పని అయింది. ఉత్తర టవరులో అయింది కానీ, శకలాలు తగిలి అదీ రాలిపోయింది. బట్టబయలైన ఉక్కు వేడికి మెత్తబడింది. అంతస్తులు కుంగాయి, కుంగుతూ బయటి స్తంభాలను లోపలికి లాగాయి. పట్టు వదలకపోవడమే అక్కడ ప్రాణాంతకమైంది.

స్తంభాలు వంగిపోయి, పై అంతస్తులన్నీ కింది అంతస్తు మీద పడ్డాయి. లెక్క ప్రకారం, కదలని బరువైతే ఒక అంతస్తు మరో 11 అంతస్తులను ఆపగలిగేది. హఠాత్తుగా మీద పడితే 6. దెబ్బతిన్న చోటికి పైనున్నవి ఉత్తరాన 12, దక్షిణాన 29.

2004లో అలాంటి అంతస్తులనే కట్టి, పూత వేసి, నిండా బరువు పెట్టి, కొలిమి మంటలో పరీక్షించారు. దాదాపు 2 గంటలు మోస్తూ నిలిచాయి. అది చదివితే ఊరట కలగదు, కడుపు తరుక్కుపోతుంది. ముందే పరీక్షించి ఉంటే టవర్లు నిలిచేవని నేననలేను. కానీ ఎంత భారం ఆ కాస్త పూత మీద పడి ఉందో అప్పుడే తెలిసేది. అది ఉక్కును ఎంత గట్టిగా అంటుకుందో, ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని, గోటితో గీకైనా చూసేవారు.