బర్నార్డ్ తార పక్కన లేని గ్రహం

మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలో, మామూలు కంటికి ఆనని అరుణ మరుగుజ్జు ఒకటుంది. సూర్యుడి బరువులో ఆరో వంతు కూడా తూగదు. 1916లో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ దాని పరుగు కనిపెట్టాడు. ఆకాశంలో ఏటా పది ఆర్క్ సెకండ్లకు పైగా జరిగే తార మరొకటి లేదు. ఇంత తేలికైన తార చుట్టూ గురుగ్రహమంత గ్రహం తిరిగితే, ఆ లాగుడుకు తార దారి తిన్నగా సాగక మెలికలు పోవాలి. ఈ తర్కంలో లోపం లేదు. పెన్సిల్వేనియాలోని స్ప్రౌల్ వేధశాలలో పీటర్ వాన్ డి కాంప్ 1938 నుంచి ఆ మెలిక కోసమే కాపు కాశాడు. రెండు వేలకు పైగా ఫొటో పలకలను కొలిపించి, గురుడికి ఒకటిన్నర రెట్లు మించిన గ్రహం 24 ఏళ్లకోసారి ఆ తారను చుట్టి వస్తోందని 1963లో ప్రకటించాడు.

ఆ గ్రహం లేదు. పలక మీద ఆయన చూసిన జరుగుదల మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. 1973లో గేట్‌వుడ్, ఐకార్న్ అనే ఖగోళవేత్తలు వేరే వేధశాలల పలకలు కొలిస్తే మెలిక కనబడలేదు. అదే ఏడు స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ, గ్లీజ 793 అనే మరో తార కూడా అదే కాలంలో అలాగే కదిలినట్టు కనిపిస్తోందని చూపాడు. కదిలింది తారలు కావు. 1949లో, 1957లో స్ప్రౌల్ దుర్భిణి కటకానికి చేసిన మార్పులు పలకల్లోకి దిగాయి. వాన్ డి కాంప్ మొండివాడు కాబట్టి తప్పాడని కొందరంటారు. 1995లో చనిపోయేదాకా ఆయన ఒప్పుకోని మాట నిజమే, కానీ మొండితనం తర్వాతి సంగతి. పాతికేళ్లు ఓపిక పట్టినవాణ్ణి తొందరపడ్డాడనీ అనలేం. ఒకే తక్కెడలో వెయ్యిసార్లు తూచినా తక్కెడలోని తేడా తూకంలో పడుతూనే ఉంటుంది. ఆయనకు కొరవడింది పలకలు కాదు, రెండో తక్కెడ.

ఎర్ర మరుగుజ్జుల దగ్గర భారీ గ్రహాలను వెతకడమే దండగ కదా అని అడగవచ్చు. కాదని 1998లో తేలింది. పదిహేను కాంతి సంవత్సరాల దూరంలోని గ్లీజ 876 అనే అరుణ మరుగుజ్జు చుట్టూ, గురుడికి రెట్టింపు బరువున్న గ్రహం 61 రోజులకోసారి తిరుగుతోందని రెండు బృందాలు దేనికది వేర్వేరు దుర్భిణులతో పట్టుకున్నాయి. ఆ బృందాలు చూసింది తార వెలుగులోని రంగుల జరుగుదలను. కానీ 2002లో హబుల్ దుర్భిణి ఆ తార ఊగడాన్నే ఆకాశంలో కొలిచి గ్రహం బరువు తేల్చింది. వాన్ డి కాంప్ నమ్ముకున్న పద్ధతి అదే. ఇక బర్నార్డ్ తార విషయానికొస్తే, 2024లో చిలీ నుంచి కొలిచినవారికి మూడు రోజులకోసారి తిరిగే గ్రహం దొరికింది. దాని బరువు భూమి బరువులో సగం కూడా లేదు. మరుసటి ఏడు హవాయిలోని వేరే పరికరం కొలతలు కూడా దాన్నే చూపాయి. అలాంటి చిన్న గ్రహాలే మరో మూడు దాని పక్కన ఉన్నాయి.