రాకాసి గుళ్ళు

"అటు పోకు బిడ్డా, రాకాసి గుళ్ళవి!" అనేది మా అవ్వ. ఆమెది గద్వాల దగ్గర ఇటిక్యాల. చేలదారిలో గుండ్రంగా పేర్చిన బండలు కనిపిస్తే చాలు, నా చెయ్యి పట్టుకు లాగేది. అంతేసి బండలు మనుషులెత్తుతారా, రాకాసులు గాక!

మనుషులే ఎత్తారు. అవి ఇనుపయుగం నాటి సమాధులు, రెండువేల ఏళ్ళకు పైబడినవి. ఇలాంటివి తవ్విన చోట నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఇనుప కత్తులు, ఎముకలు బయటపడ్డాయి. పోయినవాళ్ళకు అవతల కూడా వంటావార్పూ జరగాలనుకున్నారు కాబోలు. వంటింటిదాన్ని కదా, నాకలాగే తోస్తుంది!

కొరియాలో గ్యోంగ్జు అనే ఊళ్ళో ఇళ్ళ నడుమ పచ్చగడ్డి గుట్టలుంటాయి. సిల్లా రాజుల కాలపు సమాధులవి. 1973లో ఒకదాన్ని తవ్వితే బంగారు కిరీటంతో సహా 11,000కు పైగా వస్తువులు దొరికాయి. ఇప్పుడక్కడ పెద్ద తోట. పిల్లల్ని వెంటేసుకుని ఆ సమాధి లోపలికే వెళ్ళి చూసొస్తారు.

మనవాటిలో కిరీటాల్లేవు. అందుకేనేమో, ఎన్నో బండలు పొలం గట్లకూ, కంకరకూ పోయాయి. ఇటిక్యాలకు ఎగువన, కృష్ణ ఒడ్డునే ఉన్న ముడుమాల్‌లో మాత్రం పాతకాలపు నిలువురాళ్ళు మిగిలాయి. ఒక రాతి మీద సప్తర్షుల్లా తొలిచిన గుంటలున్నాయి. ఇంకో రాయిని జనం ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపూ కుంకుమా పెట్టిన రాయి మీద గడ్డపార వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

ఆమధ్య ఇటిక్యాల వెళ్ళాను. అవ్వ చెయ్యి లాగిన చోట పత్తిచేను. గట్టున నాలుగు బండలు అడ్డంగా పడున్నాయి.