విడాకులలో ఆస్తి, అప్పుల పంపకం

భార్యాభర్తలు చట్టప్రకారం విడిపోయినపుడు ఇల్లు, స్థలం, నగలు, పొదుపు, సామాను ఎవరికి చెందాలో, బాకీలు ఎవరు తీర్చాలో నిర్ణయించుకోవడాన్ని విడాకులలో ఆస్తి, అప్పుల పంపకం అంటారు. విడాకులు తీసుకుంటే ఆస్తిలో సగం భార్యకు వస్తుందని చాలామంది అనుకుంటారు. పూర్వం పోర్చుగీసు పాలనలో ఉన్న గోవా, డామన్, డయ్యూ తప్ప భారతదేశంలో మరెక్కడా అటువంటి సాధారణ నియమం లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాలతో సహా ఆంధ్రప్రదేశ్ అంతటా ఆస్తి ఎవరి పేరున ఉంటే వారిదే అన్నది మూలసూత్రం. కనుక దస్తావేజులోకి ఎక్కని శ్రమ, ఇంటి కోసం అమ్మిన నగలు లెక్కలోకి రావాలంటే తగిన సాక్ష్యమైనా ఉండాలి, లేదా ఇరుపక్షాల మధ్య ఒప్పందమైనా కుదరాలి.

చారిత్రక నేపథ్యం

స్త్రీకి స్వంత ఆస్తి ఉండవచ్చునన్న భావన ప్రాచీనమైనది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యలో స్త్రీధనాన్ని గురించి విపులమైన చర్చ ఉన్నది. దీని ఆధారంగా 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయము రచించాడు. కరవు, వ్యాధి, ధర్మకార్యం, నిర్బంధం వంటి ఆపదలలో మాత్రమే భర్త స్త్రీధనాన్ని వాడుకోవచ్చునని స్మృతి చెబుతున్నది.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడి, 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉండేది. 1949లో మద్రాసు ప్రభుత్వం హిందువులలో ద్విభార్యత్వాన్ని నిరోధిస్తూ, విడాకులకు అవకాశం కల్పిస్తూ చట్టం చేసింది. అందువలన ఈ ప్రాంతపు హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టానికి ముందే చట్టబద్ధమైన విడాకుల మార్గం ఏర్పడింది. పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు మాత్రం 1976 సవరణతో వచ్చింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ హిందూ స్త్రీ ఆస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రప్రభుత్వం ఈ హక్కును దేశమంతటా కుమార్తెలందరికీ విస్తరించింది. ఈ విధంగా పుట్టింటి నుండి వచ్చిన వాటా భార్య స్వంతం. విడాకుల సమయంలో అది భర్త లెక్కలోకి రాదు.

ప్రస్తుత చట్టం

హిందూ వివాహ చట్టంలో ఈ విషయానికి సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు మూడు.

* 24వ సెక్షన్: కేసు నడిచే కాలంలో ఆదాయం లేని పక్షానికి మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు.
* 25వ సెక్షన్: శాశ్వత భరణం. దీనిని నెలనెలా గానీ, ఒకే మొత్తంగా గానీ ఇప్పించవచ్చును. అవసరమైతే చెల్లించవలసినవారి స్థిరాస్తిపై హామీ కూడా ఏర్పరచవచ్చును.
* 27వ సెక్షన్: పెళ్ళి సందర్భంలో వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన వస్తువుల విషయంలో న్యాయమని తోచిన ఉత్తర్వు ఇచ్చే అధికారం.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం దంపతుల మధ్య ఆస్తి వివాదాలను కూడా కుటుంబ న్యాయస్థానమే విచారించవచ్చును. భరణం, పంపకం ఒకటి కావు. భరణం జీవనాధారం కోసం ఇచ్చేది. ఎదుటి పక్షం సంపదతో సమానం చేయడానికి భరణాన్ని సాధనంగా వాడరాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో పేర్కొన్నది.

పెళ్ళి తరువాత సంపాదించిన ఆస్తిలో భార్యకు వాటా కల్పించడానికి ఒక ప్రయత్నం జరిగింది. 2010లో ప్రవేశపెట్టిన వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోకసభ ఆమోదం పొందకుండానే 2014లో ఆ సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది.

న్యాయస్థానాల ఆలోచనలో మాత్రం కొంత మార్పు కనిపిస్తున్నది. భర్త విదేశంలో సంపాదించి పంపిన డబ్బుతో కొన్న ఆస్తుల విషయంలో 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఇంటిని, పిల్లలను చూసుకొన్న గృహిణి శ్రమ కూడా ఆ సంపాదనకు తోడ్పడినదేనని గుర్తించి, అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉన్నదని తేల్చింది. ఇది ఒక కేసులోని తీర్పు మాత్రమే. ఇతర రాష్ట్రాల హైకోర్టులు దీనిని పరిశీలించవచ్చును కాని, పాటించి తీరవలసిన నియమం లేదు.

స్త్రీధనం, సారె, పసుపుకుంకుమ

పెళ్ళికి ముందు, పెళ్ళిలో, ఆ తరువాత స్త్రీకి కానుకగా వచ్చిన నగలు, నగదు, సారె సామాను, ఆమె స్వార్జితం స్త్రీధనంలోకి వస్తాయి. ఇది పంచుకొనే ఆస్తి కాదు, తిరిగి అప్పగించవలసిన ఆస్తి. భార్య నగలు అత్తవారింటి బీరువాలో ఉన్నంత మాత్రాన ఉమ్మడి సొత్తు కాబోవని, అవి నమ్మకంతో అప్పగించినవేనని సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. ఆపదలో భర్త వాటిని వాడుకొన్నా, తిరిగి ఇచ్చే బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో మరల చెప్పింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరాలు. అయినప్పటికీ కట్నంగా చేతులు మారిన సొమ్మును పెళ్ళికూతురికి బదలాయించాలని అదే చట్టంలోని 6వ సెక్షన్ ఆదేశిస్తున్నది.

ఆడపిల్లకు పసుపుకుంకుమ క్రింద పొలం, స్థలం ఇవ్వడం తెలుగునాట పాత ఆచారం. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే సాధారణంగా రిజిస్టరు దస్తావేజు అవసరం కనుక, నోటిమాటగా ఇచ్చిన భూమి తరువాత వివాదాలకు దారితీస్తుంది. నగల రసీదులు, పెళ్ళి ఫోటోలు, సారె జాబితా, బ్యాంకు లావాదేవీలు స్త్రీధనానికి ప్రధాన సాక్ష్యాలు.

ఇల్లు, స్థలం

భర్త పేరున ఉన్న ఇల్లు విడాకులతో భార్యకు సంక్రమించదు. అదేవిధంగా భార్య పేరున ఉన్న ఇల్లు భర్తకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుండి పంచిన పేదల ఇళ్ళ పట్టాలు మహిళల పేరుననే ఇచ్చారు. తన డబ్బుతో భార్య పేరున కొన్నానని, అసలు యజమాని తానేనని భర్త వాదిస్తే దానిని రుజువు చేయవలసిన భారం అతనిపైనే ఉంటుంది.

నివాస హక్కు వేరు, యాజమాన్యం వేరు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం క్రింద భార్య తాను కాపురమున్న ఇంటిలో నివాసం కోరవచ్చును. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆమె ఈ రక్షణ కోరవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దీనివలన ఆమె ఆ ఇంటికి యజమానురాలు కాదు.

అప్పులు

అప్పుల విషయంలోనే ఎక్కువమంది నష్టపోతారు. బాకీ పత్రంపై ఎవరి సంతకం ఉంటే తీర్చవలసిన బాధ్యత వారిదే.

* భర్త వ్యక్తిగత అప్పుకు భార్య బాధ్యురాలు కాదు. కాని సహ రుణగ్రహీతగా గానీ, జామీనుదారుగా గానీ సంతకం చేసి ఉంటే ఆమె కూడా బాధ్యురాలవుతుంది.
* ఇద్దరూ కలిసి తీసుకున్న గృహ రుణం మొత్తాన్ని బ్యాంకు ఇద్దరిలో ఎవరి నుండైనా రాబట్టుకోవచ్చును. కంతులు భర్తే కట్టాలని విడాకుల ఒప్పందంలో వ్రాసుకొన్నా అది బ్యాంకును కట్టివేయదు. బ్యాంకు వ్రాతపూర్వకంగా అంగీకరించి రుణపత్రం నుండి తొలగించే వరకు భార్య పేరు అందులో ఉంటుంది.
* స్వయం సహాయక సంఘం ద్వారా భార్య తీసుకున్న రుణాన్ని భర్త అంగడికి పెట్టుబడిగా వాడినా, సంఘం దృష్టిలో బాకీదారు ఆమే.
* భార్య నగలు కుదువపెట్టి తెచ్చిన అప్పు విషయంలో, నగలను విడిపించవలసినది ఎవరు, ఎప్పటిలోగా అన్నది ఒప్పందంలో ప్రత్యేకంగా వ్రాసుకోవాలి.

1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం క్రింద భర్త తన జీవితంపై భార్యాపిల్లల కోసం తీసుకున్న బీమా పాలసీ ట్రస్టుగా పరిగణింపబడుతుంది. సాధారణంగా భర్త అప్పులవాళ్ళు దానిని జప్తు చేయించలేరు.

తిరుపతిలో పెళ్ళి, విదేశంలో విడాకులు

విదేశీ విడాకుల విషయంలో భారతదేశమంతటా ఉదహరించే తీర్పు తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళికి సంబంధించినది. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకొన్న దంపతులు 1978లో వేరుపడ్డారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టు నుండి 1980లో భార్య హాజరు లేకుండానే విడాకులు పొంది, మరల పెళ్ళి చేసుకొన్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టగా, అది సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1991 జూలై 9న జస్టిస్ పి.బి. సావంత్ వ్రాసిన తీర్పు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని ప్రకటించింది. ఏ చట్టం క్రింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం అంగీకరించే కోర్టు, ఆ చట్టంలోని కారణాలపై ఇచ్చిన విడాకులే సాధారణంగా చెల్లుతాయి. ఎదుటి పక్షం తన ఇష్టంతో ఆ కోర్టుకు లోబడి వాదించుకొన్నా, విడాకులకు సమ్మతించినా మినహాయింపు ఉన్నది.

ఆస్తి పంపకంలో ఈ తేడా మరింత ముఖ్యమవుతుంది. కాలిఫోర్నియాలో వివాహకాలపు సంపాదనను సగం సగం పంచుతారు. మిస్సోరీ వంటి రాష్ట్రాలలో న్యాయమనిపించిన నిష్పత్తిలో పంచుతారు. కాని అమెరికా కోర్టు ఇక్కడి ఇల్లు, పొలం యాజమాన్యాన్ని నేరుగా మార్చలేదు. అక్కడి డబ్బు డిక్రీని ఇక్కడ అమలు చేయించుకోవాలంటే సాధారణంగా మరల దావా వేయవలసి ఉంటుంది.

తెలంగాణకు చెందిన మరొక కేసులో, 1999లో పెళ్ళి చేసుకొన్న దంపతులు అమెరికాలో విడాకులు పొంది, ఆస్తులను ఒప్పందం ప్రకారం పంచుకొన్నారు. తరువాత కొన్నేళ్ళకు కుమార్తె నగల కోసం ఆమె తండ్రి పోలీసు కేసు పెట్టాడు. స్త్రీధనం ఆమెకు మాత్రమే చెందుతుందని, ఆమె అధికారమివ్వనిదే తండ్రికి కూడా దానిని అడిగే హక్కు లేదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది.

న్యాయమైన పంపకం: ఒక ఉదాహరణ

ఈ క్రింది లెక్క కేవలం ఊహాజనితం. ఇల్లు భర్త పేరున ఉన్నది, విలువ 40 లక్షల రూపాయలు. ఇద్దరూ సంతకం చేసిన గృహ రుణంలో 16 లక్షలు మిగిలి ఉన్నది. ఇల్లు కట్టేటపుడు భార్య తన 8 సవరన్ల, అనగా 64 గ్రాముల నగలు అమ్మింది. వాటి నేటి విలువ 8 లక్షలు అనుకొందాము. భర్త అంగడి కోసం ఆమె సంఘం నుండి తీసుకున్న అప్పు 1 లక్ష.

కాగితం ప్రకారం ఇల్లు భర్తది, గృహ రుణం ఇద్దరిది, సంఘం అప్పు భార్యది. ఇంతటితో విడిపోతే ఆమెకు అప్పులు మాత్రమే మిగులుతాయి.

ఇరువురూ న్యాయంగా ఒప్పుకొంటే లెక్క మారుతుంది. ఇంటి విలువలో నుండి రుణం తీసివేస్తే 24 లక్షలు. అందులో ముందుగా నగల విలువ 8 లక్షలు భార్యకు తిరిగి ఇవ్వాలి. మిగిలిన 16 లక్షలను సమంగా పంచితే ఒక్కొక్కరికి 8 లక్షలు. భార్యకు మొత్తం 16 లక్షలు అందుతుంది. ఇల్లు భర్తకు ఉంటుంది, గృహ రుణం అతడు తన పేరుకు మార్పించుకొంటాడు. అంగడి అతనిదే కనుక సంఘం అప్పు కూడా అతడే తీరుస్తాడు. పిల్లల పోషణ ఈ లెక్కలో కలపరాదు, అది పిల్లల స్వంత హక్కు.

ఒప్పందం, న్యాయ సహాయం

భరణం కేసులలో ఇరుపక్షాలు తమ ఆదాయం, ఆస్తులు, అప్పులను ప్రమాణపత్రం ద్వారా వెల్లడించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఆదేశించింది. పరస్పర అంగీకారంతో విడిపోయేవారు కూడా ముందుగా ఇటువంటి పట్టిక తయారు చేసుకొనడం మేలు. ఒప్పందంలో ప్రతి ఆస్తి, ప్రతి బాకీ, చెల్లింపు తేదీ విడివిడిగా ఉండాలి. వీలైనంతవరకు తుది డిక్రీకి ముందే నగలు చేతికి అందేటట్లు, రుణపత్రంలో పేరు మారేటట్లు చూసుకోవాలి. బీమా, భవిష్యనిధి నామినీలను కూడా సరిచూసుకోవాలి.

ఇతర మతస్థులకు వేర్వేరు చట్టాలున్నవి. ముస్లిం స్త్రీకి మహర్‌తో పాటు తన కానుకలను, న్యాయమైన జీవన ఏర్పాటును పొందే హక్కు 1986 చట్టం క్రింద ఉన్నది. ఆ ఏర్పాటు ఇద్దత్ కాలానికే పరిమితం కాదని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవులకు 1869 చట్టం, ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళి చేసుకొన్నవారికి 1954 చట్టం వర్తిస్తాయి.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకు చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ, సమీప కోర్టులోని మండల న్యాయసేవాధికార సంఘానికి గానీ దరఖాస్తు చేసుకోవచ్చును.