రంగము దారిలో నాలుగు మొగముల శిల

"రంగము వెళ్లినాడు" అను మాట ఒకప్పుడు గోదావరి, విశాఖ మండలములలో ఇంటింటను వినబడెడిది. రంగమనగా రంగూను. యానామునకు చెంతనున్న కోరంగి రేవు పేరిట మన కూలీలను బర్మాలో కోరంగీలని పిలిచిరి. వారు ఓడలెక్కుటకు ఎన్నో శతాబ్దములకు ముందే దక్షిణాపథపు అక్షరములు ఆ దేశము చేరినవి. ఆ జాడలు చూడగోరు యాత్రికుడు రంగూనులోని ష్వేడగాన్ బంగారు స్తూపమును దర్శించి మరలిపోరాదు. ఐరావతీ నది వెంట ఎగువకు సాగవలెను.

ప్రోము పట్టణము చెంతనున్న శ్రీక్షేత్రము ప్యూ జాతివారి ప్రాచీన నగరము. అచ్చట సుమారు 46 మీటర్ల ఎత్తు గల ఇటుక స్తూపము నేటికిని నిలిచియున్నది. ఖిన్‌బా దిబ్బ త్రవ్వకములలో 1926-27లో 20 బంగారు రేకులపై వ్రాసిన పాలీ గ్రంథము బయల్పడినది. ఆ లిపికి కృష్ణాతీరపు ప్రాచీన లిపితో చుట్టరికము కలదని పలువురు పండితుల అభిప్రాయము.

ఇంకను ఎగువన పగాను కలదు. అచ్చటి వేలకొలది ఆలయములలో చంజిత్తా రాజు కట్టించిన ఆనందాలయము ప్రసిద్ధము. బౌద్ధస్తూపముల నడుమ విష్ణ్వాలయమును గలదు. అయినను మనవంటివారు ముందుగా చూడదగినది మ్యజేది శాసనము. 1113 ప్రాంతమున రాజకుమారుడను వాడు, మరణశయ్యపై నున్న తన తండ్రియగు చంజిత్తా శ్రేయస్సు కొరకు బంగారు బుద్ధప్రతిమ చేయించి, ఆ వృత్తాంతమును ఒకే శిల నాలుగు మొగములందు పాలీ, మోన్, బర్మీ, ప్యూ భాషలలో చెక్కించెను.

పాలీ పఠనమున నిలిచినది. మోన్, బర్మీ జనుల నోట నిలిచినవి. ప్యూ మాటాడువా డొక్కడును లేడు. ప్యూ ప్రజలు క్రమముగా బర్మీయులలో కలిసిపోయిరి. శిల పగులలేదు, అక్షరము చెరగలేదు. వాడుక తప్పినందున భాష అంతరించినది.

మన వారి కథయు అచ్చటనే సాగినది. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, 1942లో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తరలివచ్చిరి. 1964లో వ్యాపారములు జాతీయము కాగా మరల పెక్కుమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణపు బర్మా క్యాంపు పేట వారి గురుతు. అచ్చటనే నిలిచినవారిలో కొన్ని కుటుంబములు బడిలో బర్మీ, ఇంట తెలుగు నేర్చుకొనుచు వచ్చినవి.

2021 నుండి చెలరేగిన అంతర్యుద్ధము ఆ దేశయాత్రను దుర్లభము గావించినది. కాని ఆ శిల చెప్పు మాట, కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో తరతరములుగా కాపురమున్న మనకు ఇచ్చటనే వినవచ్చును. ఇరుగుపొరుగు భాష నేర్చుట మనకు మర్యాద, జీవనాధారము. మన భాష నిలుచుటకు మాత్రము శాసనము చాలదు, ఇట్టి సంచికయు చాలదు. అన్నము పెట్టు వేళ బిడ్డతో ఆడు మాట కావలెను.