సెల్లు తక్కువ తిన్నదే గెలిచింది

చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్‌కి మళ్ళీ రోజులొచ్చాయంటున్నారు. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2 వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్, తైవాన్ కంపెనీ ఆసుస్‌తో కలిసి ఎక్స్‌బాక్స్ పేరు పెట్టిన చేతిమిషన్ దించింది. ఒకసారి గెలిచి, ఇంకోసారి ఓడి, చేతులు దులిపేసుకున్న సోనీ కూడా మరొకటి తయారుచేస్తోందని వార్తలు. గెలుస్తుందా?

ఏలూరు నుంచి పెదవేగి వచ్చే దారిలో నలభై దాటిన వాళ్ళని ఆపి, చిన్నప్పుడు చేత్తో పట్టుకుని ఆడిన వీడియోగేమ్ ఏదని అడగండి. ఎక్కువమంది చెప్పేది నింటెండోదీ కాదు, సోనీదీ కాదు. ఊరూ పేరూ లేని చైనా సరుకు. దానికో పెద్ద వంశవృక్షం ఉంది.

చంకలో పెట్టుకుపోయే ఆట మనకేం కొత్త కాదు. రెండుగా మడత పడే చేప ఆకారం వామనగుంటల పీట, ఏడూ ఏడూ పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. కరెంటుతో ఆడేది మాత్రం 1976లో వచ్చింది. అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్ చేసిన ఆటో రేస్‌లో కార్లంటే ఎర్రటి వెలుగు గీతలే. 1979లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ మైక్రోవిజన్ తెచ్చింది. ఆటల బిళ్ళలు మార్చుకోవచ్చు. ఆలోచన మంచిదే కానీ తెర ఊరికే చెడిపోయేది. ఎక్కువ కాలం బతకలేదు.

అసలు కథ క్యోటోలో ఉంది. నింటెండో 1889లో పుట్టింది పేకముక్కల కంపెనీగా (ఈ మాట మన గోదావరి జిల్లాల్లో చెబితే కాస్త ఆత్మీయత పుడుతుంది). ఆ ముక్కలు చేసే యంత్రాల మరమ్మతు చూసుకోడానికి 1965లో గున్‌పేయి యొకోయి అనే కుర్రాడు చేరాడు. ఒకరోజు బుల్లెట్ రైల్లో పోతుంటే, ఎదుటి మనిషి ఏమీ తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చున్నాడట. అది చూసి యొకోయికి ఆలోచన తట్టిందంటారు. అప్పటికి షార్ప్, కేసియో కంపెనీలు పోటీపడి ధరలు దించేసరికి కాలిక్యులేటర్ తెర కారుచవకైపోయింది. 1980లో ఆ తెరతోనే ‘గేమ్ అండ్ వాచ్’ వచ్చింది. అందులో బొమ్మ నిజంగా కదలదు. మనిషి చెయ్యి ఎత్తిన బొమ్మ ఒకటి, దించిన బొమ్మ ఒకటి, గాలిలో బంతి ఉండగల ప్రతి చోటా ఒక బంతి, అన్నీ తెరలో ముందే అచ్చై ఉంటాయి. ఏది నల్లబడితే అది కనిపిస్తుంది, అంతే. ఇలాంటివి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. ఎడమ బొటనవేలి కింద ఉండే కూడిక గుర్తు మీట కూడా 1982లో ఈ వరసలోని డాంకీ కాంగ్ మిషన్‌తోనే మొదలైంది.

యొకోయి సూత్రం ఒకటే. పాతబడి, చవకై, నమ్మకం కుదిరిన సరుకు తీసుకుని దానితో కొత్త పని చేయించడం. 1989లో గేమ్‌బాయ్ అలాగే పుట్టింది. పాకుడు పట్టినట్టుండే తెర, రంగుల్లేవు, వెనక దీపం లేదు. అదే ఏడాది అటారి లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో దిగాయి. చూసినవాళ్ళు గేమ్‌బాయ్ పని అయిపోయిందనుకున్నారు. కానీ గేమ్‌బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లులతో పదిహేను గంటల పైచిలుకు ఆడేది. గేమ్ గేర్‌కి ఆరు సెల్లులు, అవీ మూడు నుంచి అయిదు గంటలు. సెల్లులు కొనేది పిల్లాడు కాదు, నాన్న. చివరికి గేమ్ గేర్ కోటికి కాస్త పైన ఆగిపోయింది. గేమ్‌బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11 కోట్ల 86 లక్షలు.

అమెరికాలో గేమ్‌బాయ్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన ఆట టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసింది. దాన్ని చైనా కార్ఖానాలు ఎవరినీ అడక్కుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేశాయి. అదే బ్రిక్ గేమ్, మన నలభై దాటిన వాళ్ళు చెప్పే వీడియోగేమ్.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర లాంటి తీర్థాల్లో, జీళ్ళ కొట్టు పక్కన, బూరలకీ నీళ్ళలో రింగులు పడే ఆటకీ మధ్య వేలాడేది. తెర మీద అడ్డంగా పది గడులు, నిలువుగా ఇరవై. ఇటుక తిప్పడానికి కుడివైపు ఒక పెద్ద గుండ్రటి మీట. పైన ‘9999 ఇన్ 1’ అని గొప్పగా రాసుండేది. లోపల ఉన్నవి ఇటుకలు, కారు పందెం, ట్యాంకులు, పాము వగైరా పిడికెడు ఆటలే. వేగం మారితే ఒక లెక్క, మెట్టు మారితే ఇంకో లెక్క. ఆ పద్దు రాసినవాడు ఎవడో గాని, బ్యాంకులో ఉండాల్సినవాడు. సెల్లు అయిపోవస్తే ముందు కూత పీలగా మారేది, తర్వాత గడులు వెలిసిపోయేవి. అప్పుడు సెల్లులు తీసి అరుగు మీద ఎండలో పెడితే ఇంకో పూట వచ్చేవి. ఎన్ని గంటలకు కరెంటు పోతుందో గడియారం చూడకుండా చెప్పగలిగిన ఆ రోజుల్లో, ఇంట్లో టీవీకి తగిలించే గేమ్ కన్నా ఇదే నికరం.

తర్వాత ఫోను వచ్చింది. 1997లో నోకియా 6110లో పాము ఆట పెట్టారు. ఆట ఆడేందుకు విడిగా వస్తువు కొనడమనేది మన దగ్గర అక్కడితోనే సడలడం మొదలైంది. ఆ నోకియాయే 2003లో ఎన్-గేజ్ అని, ఫోనూ గేమ్ మిషనూ ఒకటే చేసి దెబ్బతింది. ఆట మార్చాలంటే వెనక మూత తీసి బ్యాటరీ ఊడదీయాలి. మాట్లాడాలంటే దాని అంచుని చెవికి ఆనించాలి. కొన్నవాళ్ళకు ఓపిక ఎక్కువ.

2004 చివర్లో సోనీ పీఎస్పీ వచ్చింది. ఏడున్నర కోట్లకు పైగా పోయింది. చిన్న విజయమేం కాదు. తెలుగువాళ్ళ చెయ్యి పడిందీ ఇక్కడే. 2009లో హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర, సోనీ కోసం ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ తయారుచేసింది. ప్లేస్టేషన్ 2కీ, పీఎస్పీకీ వచ్చింది. కబడ్డీ, కర్రాబిళ్ళ, గాలిపటాలు అందులో ఆటలు. పని మెచ్చుకోవాల్సిందే. లెక్కే కుదరలేదని నా అభిప్రాయం. పీఎస్పీ కొనగల ఇంటి పిల్లాడికి కార్ల పందేలూ ఫుట్‌బాలూ కావాలి. కర్రాబిళ్ళ నిజంగా ఆడే పిల్లాడికి చెరువుగట్టు ఖాళీగా ఉంది.

2011 డిసెంబర్‌లో సోనీ తెచ్చిన వీటా అంతకన్నా మెరుగైన మిషన్. అయినా ఓడింది. మెమరీ కార్డు కూడా తమదే కొనాలని, అదీ ప్రియంగా పెట్టింది. ఆటలు రాసేవాళ్ళు జారుకున్నారు. 2019లో తయారీ ఆపేసింది. నింటెండో మాత్రం 2017లో స్విచ్‌తో టీవీ మిషన్‌నీ చేతిమిషన్‌నీ ఒకటి చేసి 15 కోట్లు దాటేసింది. ఇక్కడా పాత సూత్రమే. లోపలి చిప్పు వచ్చేనాటికే పాతది, ఆటలు మాత్రం ఇంకెక్కడా దొరకనివి.

మన సంగతి వేరు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది. ఊళ్ళో కుర్రాళ్ళంతా పబ్జీలో పడ్డారు. 2020 సెప్టెంబర్‌లో దాన్ని నిషేధిస్తే, మరుసటి ఏడాది వేరే పేరుతో తిరిగొచ్చింది. ఆయిల్‌పామ్ గెలల డబ్బు చేతికొచ్చాక పెదవేగి రైతు కొడుక్కి ముప్పై వేల ఫోను కొనిపెడతాడు. అందులో చదువుందని, యూపీఐ ఉందని సర్దిచెప్పుకుంటాడు. 2023లో ఆసుస్ తన రాగ్ ఆలీ చేతిమిషన్‌ని మన దేశంలో దాదాపు 70 వేలకు దించింది. ఆ డబ్బు పెట్టి ముఖ్యంగా ఆట కోసమే చేసిన వస్తువు కొనమంటే ఇంట్లో ఒప్పుకునేదెవరు? 2024లో మనకొచ్చినప్పుడు సోనీ ప్లేస్టేషన్ పోర్టల్ ధర 19 వేల లోపే గానీ, ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉంటేనే దానికి ప్రాణం.

అయితే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. ఫోనులో ఆట అంటే ఇప్పుడు తల్లిదండ్రులకి బెంగ. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటి మీదా 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది. సిమ్ లేనిది, ఓటీపీ అడగనిది, పిల్లాడు ఆడి పక్కన పెట్టేసేది ఏదైనా ఉంటే బాగుండని చాలా ఇళ్ళలో అనుకుంటున్నారు. ఆ ఖాళీని ప్రస్తుతానికి ‘400 ఇన్ 1’ అని రాసుండే, వెయ్యి లోపు దొరికే చైనా డబ్బాలే నింపుతున్నాయి. వాటిలో ఉన్నవి ఎనభైల నాటి ఆటల దొంగ నకళ్ళు. అయినా పోతున్నాయి.

సోనీ కొత్త మిషన్ జపాన్‌లోనో అమెరికాలోనో ఆడవచ్చు, అక్కడ దానికి పాత అభిమానులున్నారు. ఏలూరు జిల్లాలో అమ్ముడవాలంటే ధర పది వేలు దాటకూడదు, ఆటలు మిషన్‌తో పాటే రావాలి, చార్జింగ్ రోజంతా నిలవాలి. ఈ మూడూ కుదరకపోతే ఇక్కడ కొనేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.