డన్ పర్వతపు క్రోమియము

న్యూజీలాండు దక్షిణద్వీపమున, నెల్సన్ పట్టణమునకు ఎగువనున్న డన్ పర్వతముపై చెట్టుచేమలు సరిగా ఎదుగవు. 1859లో ఆ ప్రాంతమును పరిశీలించిన హోక్‌స్టెటర్ అను భూశాస్త్రవేత్త అచ్చటి శిలకు కొండ పేరిటనే డ్యూనైట్ అని నామకరణము చేసెను. రాగికై వచ్చిన కంపెనీవారికి రాగి ఆశించినంత దొరకక, క్రోమియపు ఖనిజమగు నల్లని క్రోమైటు దొరికెను. ఇంగ్లాండులోని లాంకషైరు అద్దకపువారికి అది కావలసిన సరకే యగుటచే, దానిని రేవునకు దింపుటకై 1862 ఫిబ్రవరి 3న న్యూజీలాండున మొట్టమొదటి రైలుమార్గము తెరవబడెను. ఖాళీ బండ్లను గుఱ్ఱములు మీదికి లాగెడివి. నిండుబండ్లు, బ్రేకు పట్టిన మనిషి ఒడుపుమీద, తమ బరువుతోనే పల్లమునకు దిగెడివి. అమెరికా అంతర్యుద్ధమువలన దూది రాక మిల్లులు మూతపడగా గిరాకి సన్నగిల్లి, కొలది యేండ్లకే గనిపని ఆగిపోయెను.

లోహముల ఆక్సైడులు సాధారణముగ క్షారగుణము గలవి. క్రోమియము ఈ కట్టుబాటునకు లొంగదు: ఆమ్లజని తక్కువగా కూడినపుడు క్షారముగను, కొంత హెచ్చినపుడు ఆమ్లముతోను క్షారముతోను కూడ కలియు ఆకుపచ్చని పొడిగను, మిక్కిలి హెచ్చినపుడు నీట కరగి క్రోమికామ్లమగు ఎఱ్ఱని ట్రయాక్సైడుగను అది మారును. క్రోమైటును క్షారముతో కలిపి గాలి తగులునట్లు కాల్చి పసుపువన్నె క్రోమేటును రాబట్టుటయే అద్దకపువారి పనికి మూలము.

అయితే, నా దృష్టిలో, న్యూజీలాండు చరిత్రయందు క్రోమియమునకు నిజమైన స్థానము గనిలో కాదు, కలపలో లభించినది. అందుకు కారకుడు సొంఠి కామేశమను మనవాడు. డెహ్రాడూను అటవీ పరిశోధనాలయమున 1933లో అతడు రాగిని, ఆర్సెనికమను పాషాణమును, క్రోమియమును కలిపి కలపను కాపాడు ద్రావణమును కనిపెట్టెను. ఆంధ్రదేశమున అతని పేరు ఎఱిగినవారు అరుదు, ఎఱుగదగిన పేరే. రాగి బూజును, పాషాణము పురుగును అడ్డగించును. కాని ఆ రెండును వానకు కొట్టుకొనిపోవలసినవే. క్రోమికామ్లము కొయ్యలోని పదార్థమును తాకి తన ఆమ్లజనిని కొంత కోల్పోయి, కరగని రూపమునకు దిగుచు, తనతోపాటు ఆ రెంటిని దారువునందే బంధించును.

కాలిఫోర్నియానుండి వచ్చిన రేడియాటా పైను అను చెట్టు న్యూజీలాండున వేగముగ ఎదుగునుగాని, మంటిలో పాతినచో త్వరగా కుళ్లును. ఉక్కు గొట్టములలో గాలిని తోడివేసి, ఒత్తిడితో ఈ ద్రావణము నెక్కించిన పిమ్మట అదియే కంచెలకు, ఇండ్లకు, ద్రాక్షతోటలకు ఆధారమయ్యెను. నెల్సనుకు పొరుగునున్న మార్ల్‌బరో తోటలలో, కోతయంత్రములు తగిలి విరిగిన లేతపచ్చని గుంజలు గుట్టలుగా పేరుకొనుచున్నవి. కాల్చినచో పొగలోను బూడిదలోను పాషాణము వెలువడును గావున వాటిని వంటచెఱకుగా వాడరాదు.